కౌంటర్ వెనక తెలుగు: ఒక బ్యాంకు ఆఫీసరు మాట నేర్చుకున్న తీరు

బయటి రాష్ట్రాల నుంచి ఇక్కడికి పోస్టింగ్ మీద వచ్చే ఉద్యోగులకు మాట్లాడే తెలుగు నేర్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బ్యాంకుల వాళ్ళే. స్థానిక ఆఫీసర్ల పేరుతో జరిగే నియామకాల్లో ఆ రాష్ట్ర భాష వచ్చా రాదా అని పరీక్ష ఉంటుంది. దేశమంతా తిరిగే పీవోలకు, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్లకు, అది ఉండదు. పాట్నాలో పరీక్ష రాసిన కుర్రాడు నేరుగా మన మండల కేంద్రంలో దిగుతాడు, మర్నాటి నుంచి రైతులకు క్రాప్ లోన్లు ఇవ్వాలి.

ఈ కేసు అలాంటి ఒక కుర్రాడిది. జగిత్యాల జిల్లాలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో ఫీల్డ్ ఆఫీసరు. ఊరు బీహార్. ఇంట్లో మైథిలి, బయట హిందీ, ఆఫీసులో ఇంగ్లిష్. రాయడానికి అతను ఒప్పుకున్నాడు. అయినా ఖాతాదారుల సంగతులు కూడా కొంచెం తగులుతాయి కాబట్టి అతని పేరు, ఊరి పేరు, బ్యాంకు పేరు వదిలేస్తున్నాను.

నా దగ్గరికి వచ్చేనాటికి అతను ఇక్కడ చేరి ఏడాది దాటింది. బ్యాంకు వాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకం ఒకటి, తను కొనుక్కున్న ముప్పై రోజుల బాపతు పుస్తకం ఒకటి ఉన్నాయి. నోటికి వచ్చిన వాక్యాలు: "దయచేసి కూర్చోండి", "మీ పేరు ఏమిటి?", "రేపు రండి." వీటిలో చివరిది మాత్రం బాగా వాడుకలో ఉందని అతనే నవ్వుతూ చెప్పాడు.

సమస్య ఎక్కడుంది

"ఏడాది నుంచి తెలుగువాళ్ళ మధ్యే ఉన్నాను, భాష మాత్రం రావడం లేదు" అన్నది అతని ఫిర్యాదు. ఇది నా దగ్గరికి వచ్చే అందరూ చెప్పేదే. దీనికి జవాబు చెప్పే ముందు నేను బ్రాంచికి వెళ్ళి ఒక పూట ఖాతాదారుల బెంచీ మీద కూర్చున్నాను.

అతని ముందు పొద్దంతా తెలుగు పారుతూనే ఉంది. ఏదీ అతని దాకా చేరడం లేదు. రైతు వచ్చి రెన్యువల్ సంగతి ఎత్తుతాడు, అతను నోరు తెరిచే లోపే పక్క సీటు నుంచి క్యాషియర్ హిందీలో చెప్పేస్తాడు. క్యాషియర్ లేకపోతే ఖాతాదారే హిందీ అందుకుంటాడు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన మనుషులు చాలా ఇళ్ళలో ఉంటారు. అక్కడి లేబర్ క్యాంపుల్లో బీహారీలతో, యూపీ వాళ్ళతో ఒకే గదిలో ఉండి పట్టుకున్న హిందీ వాళ్ళది. వెళ్ళనివాళ్ళకు కూడా ఖాతా, జమ, వసూలు, జామీను, తారీఖు లాంటి మాటలు నిజాం కాలం నుంచే ఇంటి మాటలు. సారుకు మన భాష రాదు కదా అని ప్రతి ఒక్కరూ సాయం చేయబోతున్నారు. ఆ సాయమే అతనికి అడ్డం పడుతోంది. ఇదే కుర్రాడికి కోనసీమలో పోస్టింగ్ పడి ఉంటే ఈపాటికి తంటాలు పడైనా సగం భాష వచ్చేసేది. అక్కడ హిందీతో పని నడవదు.

ఇంకొకటి కూడా ఆ పూటే కనిపించింది. ఎవరైనా అతనితో తెలుగులో మాట్లాడినా అది తెలుగులా ఉండడం లేదు. అటెండరు అతనితో అన్న మాట ఇది: "సార్, ఆయన రేపు వచ్చుడు, సంతకం పెట్టుడు, పైసలు తీస్కపోవుడు." కాసేపటికి అదే సంగతి క్యాషియర్‌తో: "రేపొచ్చి సంతకం పెట్టి తీస్కపోతడట."

పరాయి మనిషితో మాట్లాడేటప్పుడు గొంతు పెంచి, క్రియల చివరలు కోసేసి మాట్లాడడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1970లలోనే దీని గురించి రాశాడు. తెలుగు విషయంలో దీనివల్ల నష్టం మరీ ఎక్కువ. ఎవరు, ఎప్పుడు, ఒకరా పదిమందా, మనిషా వస్తువా అన్నదంతా మనం క్రియ చివరే పెడతాం. ఆ చివర కోసి వడ్డిస్తే నేర్చుకునేవాడికి ఏం మిగులుతుంది? ఏడాది పాటు అతను విన్న తెలుగు దాదాపు ఇదే.

అందుకని అతనికి పాఠాలు మొదలుపెట్టే ముందు అతని చుట్టూ ఉన్నవాళ్ళతో మాట్లాడాలని నిర్ణయించుకున్నాను. మాటల ద్వారా భాష నేర్చుకోవాలి అనుకునేవాళ్ళు దాదాపు అందరూ ఈ భాగం వదిలేస్తారు. జనంలో పడి తిరిగితే అదే వస్తుందనుకుంటారు.

ముందు పాఠం ఊరివాళ్ళకు

ముగ్గురిని ఎంచుకున్నాం. అతను అద్దెకున్న ఇంటి ఓనరు తల్లి ఒకరు. డెబ్బై ఏళ్ళ అవ్వ, ఇప్పటికీ సాయంత్రాలు అరుగు మీద బీడీలు చుడుతుంది, హిందీ ముక్క రాదు. రెండోవాడు అటెండరు. మూడో మనిషి బ్రాంచి ఎదురుగా చాయ్ హోటల్ నడిపే అన్న, మస్కట్‌లో చాలా ఏళ్ళు డ్రైవరుగా చేసి వచ్చాడు. హిందీలోకి అందరికంటే ముందు దూకేది అతనే కాబట్టి మొదట అతన్ని వద్దనుకున్నాను. సంగతి చెప్పగానే అతను అన్న మాటతో మనసు మారింది: "నాకు అరబ్బీ ఎట్లొచ్చిందనుకున్నరు? కఫీల్ (పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని) ఇంట్ల చిన్న పిల్లగాండ్లతోని మాట్లాడి మాట్లాడి వచ్చింది. పెద్దోళ్ళు నాతోని మాట్లాడితే కద!" పెద్దయ్యాక ఒక భాషను నోటితో సంపాదించుకున్న మనిషికి, నేర్చుకునేవాడి ఇబ్బంది వేరే చెప్పాల్సిన పని ఉండదు.

కొలీగ్స్‌ను మాత్రం కావాలనే లెక్కలోకి తీసుకోలేదు. నా అనుభవంలో వాళ్ళంత పనికిరాని గురువులు ఉండరు. తెలివైనవాళ్ళు, మంచివాళ్ళు, పైగా ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు. అదే చిక్కు.

ముగ్గురికీ చెప్పింది ఒకటే. అతను ఏం మాట్లాడినా హిందీలోకి పోవద్దు. నవ్వొస్తే నవ్వండి, పర్లేదు. తప్పు మాట్లాడితే తప్పని చెప్పకండి, అదే సంగతిని మీరు మామూలుగా ఎట్లా అంటారో అట్లా మళ్ళీ అనండి. మెల్లగా మాట్లాడమంటే మాటను ముక్కలు చేయమని కాదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగితే చాలు. అతను మాట కోసం వెతుక్కుంటుంటే అందించకండి, కాసేపు చూడండి. ఈ చివరిది పాటించడం ఎవరికైనా కష్టమే. ఎదుటివాడు తడుముకుంటుంటే ఊరుకోవడం మన మర్యాదలో లేదు.

క్యాషియర్‌తో వేరే ఒప్పందం చేసుకున్నాం. ఖాతాదారు రెండుసార్లు చెప్పినా సారుకు అర్థం కాకపోతేనే అతను కల్పించుకోవాలి. పింఛన్ల రోజు, ధాన్యం పైసలు పడే రోజుల్లో ఈ ఒప్పందం చెల్లదు. క్యూ గేటు దాకా ఉన్నప్పుడు భాష నేర్చుకుంటానంటే జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇక కుర్రాడి వంతు. అతనికి నేను మొదట ఇచ్చింది పదాల పట్టిక కాదు, మాటను తన చేతిలో ఉంచుకునే కొన్ని వాక్యాలు. "మళ్ళొకసారి చెప్పు", "జర మెల్లగ", "దీన్నేమంటరు?", "నేనన్నది సరేనా?", "హిందీల వద్దు, తెలుగుల చెప్పు." ఇవి వస్తే ఏ సంభాషణనైనా ఇంకో రెండు నిమిషాలు సాగదీయవచ్చు. లిపి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. హిందీ అక్షరాల వరుసా మన వరుసా ఒకటే కాబట్టి, ఇంటిపేర్లు చదవడంతో మొదలుపెట్టి తీరిక దొరికినప్పుడల్లా నేర్చుకున్నాడు.

బీడీల చాట ముందు

మూడు చోట్లలో ఎక్కువ పని జరిగింది అరుగు మీదే. కారణం అవ్వ చేసే పనిలోనే ఉంది. చాట ఒళ్ళో పెట్టుకుని, నానబెట్టిన తునికాకును రేకు ముక్క కొలతకు కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, కొస మడవాలి, దారం కట్టాలి. చేతులకు ఎడతెగని పని, నోటికి ఏ పనీ లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖంలోకి చూస్తూ మాట్లాడాలన్న ఇబ్బంది లేదు. మధ్యలో ఎంతసేపు ఎవరూ మాట్లాడకపోయినా ఎబ్బెట్టుగా ఉండదు. కొత్త భాష మాట్లాడేవాడికి అలాంటి చోటు దొరకడం అదృష్టం.

మొదట్లో అతను ఏమీ మాట్లాడలేదు, నేనూ తొందర పెట్టలేదు. చేస్తున్న పనిని చేస్తూ చెప్పమని అవ్వను అడిగాను. ఆమెకు అది తమాషాగా తోచింది. "ఆకు పొద్దుగాల్నే నానబెట్టిన. గిప్పుడు కత్తిరిస్తున్న. గీ కట్ట అయినంక తంబాకు పోస్త." ఇలా రోజూ. నానబెట్టిన, కత్తిరిస్తున్న, పోస్త. జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది, మూడూ అతని కళ్ళెదుటే ఉన్నాయి. ఏ పుస్తకమూ కాలాలను ఇంత తేలిగ్గా చూపించలేదు.

తర్వాత మాట కూలి మీదికి మళ్ళింది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క, కార్ఖానా వాళ్ళు ఆకు తక్కువ తూచారని తిట్లు, పీఎఫ్ పైసలు, బీడీ పింఛను, కోడలి పేరున ఉన్న సంఘం లోను, దాని మిత్తి. ఇదంతా అతని ఉద్యోగానికి కావాల్సిన భాషే. మిత్తి అంటే ఏమిటో బ్యాంకు ఇచ్చిన పుస్తకంలో లేదు, అందులో వడ్డీ అని ఉంది. ఆ కౌంటర్ ముందు నిలబడి వడ్డీ అనే రైతును నేనైతే చూడలేదు.

హిందీ వచ్చినవాడికి తెలుగు వాక్యం కట్టడం కష్టం కాదు. అమెరికా విదేశాంగ శాఖ వాళ్ళు తమ ఉద్యోగులకు తెలుగు నేర్పడానికి 44 వారాలు, దాదాపు 1100 క్లాసు గంటలు పడుతుందని లెక్క వేసుకున్నారు. అది ఇంగ్లిష్ వాళ్ళకు. హిందీలో కూడా క్రియ చివరే వస్తుంది, "వచ్చి, తిని, పోయి" లాంటివి అక్కడా ఉన్నాయి, "నాకు తెలుసు" లాంటి కట్టుబడి కూడా ఉంది. అతను తడబడింది వేరే చోట్ల. "పైసలు వచ్చిండ్రు" అనేవాడు. ఆడవాళ్ళ గురించి ఒకరైతే "వచ్చింది" అనీ, నలుగురైతే "వచ్చిండ్రు" అనీ ఎందుకు మారుతుందో అతనికి ఎంతకీ మింగుడు పడలేదు. మేము, మనం రెండిటికీ అతని నోట ఒకటే మాట. బాకీ ఉన్న ఒక రైతుతో కాస్త గట్టిగానే "మనం నోటీసు పంపుతం" అన్నాడట. ఆ పెద్దమనిషి నింపాదిగా, "మనిద్దరం కలిసి ఎవలకు పంపుదం సారూ?" అన్నాడట. బ్రాంచంతా నవ్వింది. ఆ రెండు మాటల తేడా నేను రెండు వారాలు చెప్పినా ఎక్కనిది ఆ రోజుతో ఎక్కింది.

ఏ తెలుగు నేర్పాలి

దీని మీద బ్రాంచిలో చిన్నపాటి గొడవే జరిగింది. మేనేజరుగారిది గుంటూరు వైపు. కుర్రాడు "ఆయన వచ్చిండు సార్" అనగానే, "వచ్చిండు ఏంటయ్యా, వచ్చాడు అనాలి" అని దిద్దేవారు. బయటికొచ్చి "వచ్చాడు" అంటే చాయ్ హోటల్ అన్న కళ్ళెగరేసేవాడు. పాపం, మధ్యలో ఇతనికి టెన్షన్.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పాను. కౌంటర్ ముందు నిలబడే మనిషి ఏది మాట్లాడితే అదే ముందు రావాలి. ఒకటి నోట్లో కుదురుకున్నాక రెండోది టీవీ వార్తలు వింటూ తెలుసుకోవచ్చు, అర్థమైతే చాలు. రెండూ కలిపి నేర్పితే మిగిలేది ఎవరి ఇంట్లోనూ మాట్లాడని తెలుగు. "పుస్తకాల భాష నేర్చుకుంటే రాష్ట్రమంతా పనికొస్తుంది" అనేవాళ్ళున్నారు. రాష్ట్రమంతా పనికొచ్చే భాష ఆ అరుగు మీద పనికిరాకపోతే ఇతనికి మాట్లాడించేవాళ్ళే ఉండరు.

మర్యాద విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాం. అవ్వ అతన్ని నువ్వు అంటుంది, అతనూ అవ్వను నువ్వే అంటాడు, అక్కడ అదే చనువు. కానీ కౌంటర్ ముందుకొచ్చిన ముసలి రైతును కుర్ర ఆఫీసరు నువ్వు అంటే వినేవాడికి వేరేలా తగులుతుంది. అందుకని బ్యాంకులో "రాండ్రి, కూసోండ్రి" అనే అలవాటు చేయించాను. "దయచేసి కూర్చోండి" దానంతట అదే పోయింది.

ఆగిపోయిన చోట

మూడు నాలుగు నెలల్లో అతను చకచకా మాట్లాడేస్తున్నాడు. క్యాషియర్ కల్పించుకోవడం బాగా తగ్గింది. అందరూ మెచ్చుకుంటున్నారు. సరిగ్గా అక్కడే ఎదుగుదల ఆగింది. పని నడుస్తోంది కాబట్టి తప్పులు కూడా అలాగే స్థిరపడుతున్నాయి. జనం అర్థం చేసుకుంటున్నారు, పల్లెవాళ్ళు సారును దిద్దరు.

దీని మీద రెండో భాషలు నేర్పేవాళ్ళందరికీ తెలిసిన ఒక కేసుంది. భాషావేత్త రిచర్డ్ ష్మిట్ 1983లో ప్రచురించినది. ష్మిట్ వెస్ అని మారుపేరు పెట్టిన జపాన్ చిత్రకారుడు ఒకాయన హవాయిలో ఉంటూ, క్లాసులేవీ లేకుండా జనంతో మాట్లాడే ఇంగ్లిష్ నేర్చుకున్నాడు. కలుపుగోలు మనిషి, ఎవరితోనైనా హాయిగా కబుర్లు చెప్పగలడు. మూడేళ్ళ తర్వాత చూస్తే వ్యాకరణం మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. తర్వాత ష్మిట్ స్వయంగా బ్రెజిల్ వెళ్ళి పోర్చుగీసు నేర్చుకుంటూ డైరీ రాశాడు. ఎదుటివాళ్ళ మాటలో ఒక రూపాన్ని తను గమనించిన తర్వాతే అది తన నోటికి వస్తోందని అందులో తేలింది.

మనకైతే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి, సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆయన విని ఊరుకోలేదు, విన్నది విన్నట్టు రాసుకున్నారు. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన సవర భాషా పుస్తకం అలాంటి కష్టం లోంచి వచ్చిందే.

కౌంటర్ దగ్గరి మాటలు రికార్డు చేద్దామని కుర్రాడు అన్నాడు. వద్దన్నాను. అవి ఒకరి అప్పులు, ఒకరి సొమ్ము వివరాలు. దానికి బదులు సాయంత్రం అవ్వకు ఆ రోజు జరిగినది ఒకటి, పేర్లు లేకుండా చెప్పాలి. అవ్వ విన్నది తన మాటల్లో మళ్ళీ చెప్పాలి. ఆమె ఒప్పుకుంది కాబట్టి ఆ రెండూ ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. రాత్రి ఇంటికెళ్ళి విని, తన మాటకూ అవ్వ మాటకూ ఎక్కడ తేడా ఉందో రాసుకోవాలి. అంతే.

అతను పంపిన ఒక రికార్డింగు ఇది. అతను: "ఒక ఆయన వచ్చిండు. ఆయన కొడుకు దుబాయ్ ఉంది. పైసలు పంపింది. కానీ ఖాతా బంద్ ఉంది. ఆయన చాలా కోపం." అవ్వ: "కొడుకు దుబాయ్‌ల ఉన్నడా? పైసలు పంపిండు గని ఖాతా బందైంది. గందుకే ముసలాయనకు కోపమొచ్చింది, కాదు కొడుకా?" ఆ రాత్రి అతని నోటుబుక్కులో: ఉన్నడు, పంపిండు గని, బందైంది, ఆయనకు కోపమొచ్చింది. ఆదివారం నేను చేసిందల్లా ఆ నాలుగింటినీ వేరే వాక్యాల్లో తిప్పి అనిపించడం. వ్యాకరణం చెప్పాను, చెప్పలేదని అనను, కానీ అతను పట్టుకొచ్చిన దానికే చెప్పాను.

అవ్వకు కొన్నాళ్ళకు విసుగొచ్చింది. "రోజూ బ్యాంకు ముచ్చట్లేనా, మీ అమ్మ ముచ్చట చెప్పు" అంది. అది నా ప్రణాళికలో లేనిది, కానీ దాని నుంచే అతని వాక్యాలు పొడుగయ్యాయి. అమ్మ గురించి చెప్పడానికి నాలుగు మాటల వాక్యం సరిపోదు మరి.

ఇప్పుడు ఎక్కడున్నాడు

మొదట్లో చేయించిన అభ్యాసాన్నే, రైతుకు క్రాప్ లోన్ రెన్యువల్ వివరించడం, ఈమధ్య మళ్ళీ చేయించాను. రైతుగా హోటల్ అన్న కూర్చున్నాడు, కావాలని అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేశాడు. మొదటిసారి అతను పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, సంతకం అనే మూడు మాటలతో, చేతులతో నెట్టుకొచ్చాడు. ఈసారి అసలు ఎంత, మిత్తి ఎంత, గడువు దాటితే ఏమవుతుంది, రెన్యువల్ చేస్తే చేతికి ఏమొస్తుంది అన్నీ చెప్పి, మధ్యలో వేసిన ప్రశ్నకు "ఆగరాదె, చెప్తున్న గద" అన్నాడు. అది నేను నేర్పింది కాదు. సంఘం అక్కల మీటింగుకు ఒంటరిగా వెళ్ళి తీర్మానంలో ఏం రాయాలో చెప్పి వచ్చాడు. పైసలు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు "వచ్చిండ్రు."

రానివి కూడా రాయాలి. నలుగురు ఒకేసారి మాట్లాడుకుంటుంటే అందుకోలేడు. చేత్తో రాసిన దరఖాస్తు చదవడానికి చాలాసేపు పడుతుంది. అన్నిటికంటే పెద్ద కష్టం ఫోన్. ముఖం కనిపించదు, చెయ్యి కనిపించదు, అవతల ట్రాక్టర్ చప్పుడు. బాకీ వసూలు ఫోన్లు ఇప్పటికీ అటెండరు చేతే చేయిస్తున్నాడు. దానికోసం హోటల్ అన్నతో రోజూ రాత్రి ఐదు నిమిషాలు ఫోన్‌లోనే మాట్లాడే ఏర్పాటు ఇప్పుడే మొదలైంది.

ఈ పద్ధతిని ఇలాగే ఇంకో చోట పెట్టడం కుదరదు. పక్క మండలంలో ఒడిశా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఈమధ్య నా దగ్గర చేరింది. చాయ్ హోటల్ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పడం ఆమెకు వీలయ్యే పని కాదు. ఉంటున్నది హాస్టల్లో కాబట్టి అరుగూ లేదు, అవ్వా లేదు. సంఘం అక్కల్లో ఇద్దరిని, హాస్టల్ వంటావిడను అడిగి చూస్తున్నాం. ఒడియాలో ళ ఉంది కాబట్టి "వాళ్ళు" అనడానికి ఆమెకు కష్టం లేదు, బీహార్ కుర్రాడు ఇప్పటికీ "వాల్లు" అనే అంటాడు. ఆ బ్రాంచి క్యాషియర్‌కు హిందీ అసలు రాదు. ఇప్పటివరకు మాకు బాగా కలిసొచ్చింది అదే.